వైఫై మార్చాలా వద్దా? టవర్ మెట్టు మీద నిలబడి అడగండి

(వరుస వ్యాసం – 11వ భాగం)



పోయిన భాగంలో స్కాలర్‌షిప్ బకాయిల గురించి రాశాను. ఈసారి విషయం చూసి కొందరు నవ్వుతారు. ఇంట్లో వైఫై యాక్సెస్ పాయింట్లు కొత్తవి పెట్టుకోవాలా, ఉన్నవాటితోనే సర్దుకోవాలా? ఇదీ ప్రశ్న. కులం గురించి రాసేదానికి డబ్బాల గొడవ ఎందుకు అంటారా? చివరిదాకా చదవండి, తర్వాత తిట్టండి.

ఇప్పుడు ఏ స్టాఫ్ రూంలో కూర్చున్నా ఇదే ముచ్చట. "మేడం, మీరింకా వైఫై 5 మీదే ఉన్నారా?" అని అడుగుతారు. "ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నారా" అని అడిగే గొంతు అది. మా ఇంట్లో రెండు డబ్బాలున్నాయి. 2019లో కొన్నవి. ఒకటి హాల్లో టీవీ వెనక, ఇంకొకటి వెనక గది గుమ్మం పక్కన. ఇంట్లో నేను, మా ఆయన, మా అమ్మ, ఐదో తరగతి చదివే పాప. కనెక్షన్ 100 ఎంబీపీఎస్. వెనక గదిలో కూర్చుని ఆన్‌లైన్ మీటింగ్ పెడితే మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. షాపు తమ్ముడు వచ్చి గదులన్నీ తిరిగి చూసి, "వైఫై 7 మెష్ పెడదాం మేడం, మూడు డబ్బాల సెట్టు, 32 వేలు, ఈఎంఐ కూడా ఉంది" అన్నాడు.

నేను కొనలేదు. ఎందుకు కొనలేదో ముందు చెప్తాను. ఆ తర్వాత, ఆ డబ్బాలు అసలు ఎక్కడ ఉండాలో చెప్తాను. ఈ రెండో మాట కోసమే ఈ వ్యాసం.

1. అడ్డం ఎక్కడుంది?

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. ఛందస్సులో యతి ఎక్కడ తప్పిందో చూడటం మాకు నేర్పారు. పద్యం మొత్తం బాగాలేదు అనకూడదు, ఏ పాదంలో ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించాలి. వైఫై అయినా అంతే. "నెట్ స్లో" అనడం తేలిక. ఏ చోట స్లో అని అడగాలి.

ఇంట్లోకి నెట్ మూడు మజిలీల్లో వస్తుంది. బయటి వైరు నుంచి డబ్బాకి. డబ్బా నుంచి గాలిలో మీ ఫోన్‌కి. ఫోన్ లోపల దాని సొంత శక్తి. ఈ మూడింటిలో ఏది ఇరుకైతే మిగతావి ఎంత వెడల్పున్నా లాభం లేదు.

మొదట లాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా డబ్బాకి కలిపి వేగం చూశాను. 100కి దగ్గరగా వచ్చింది. డబ్బా పక్కనే నిలబడి ఫోన్‌లో చూశాను. అక్కడా అంతే. వెనక గదిలో మంచం మీద కూర్చుని చూస్తే 8కి పడిపోయింది. అంటే కంపెనీ ఇచ్చేది సరిగానే వస్తోంది. డబ్బా సరిగానే పనిచేస్తోంది. మధ్యలో ఉన్న రెండు ఇటుక గోడలు, ఒక ఇనుప బీరువా సిగ్నల్‌ని మింగేస్తున్నాయి.

వైఫై 5 డబ్బాల మీద 1200 అని పెద్ద అంకె వేస్తారు. అది 2.4 గిగాహెర్ట్జ్ మీద వచ్చే 300ని, 5 గిగాహెర్ట్జ్ మీద వచ్చే 867ని కలిపి చుట్టేసిన లెక్క. మామూలు ఫోన్ ఒకసారి ఒక దారినే వాడుకుంటుంది. ఆ 867లో నిజంగా సగమే అందిందనుకున్నా, మా కనెక్షన్ వచ్చేది 100 మాత్రమే. చిన్న పైపులో వచ్చే నీళ్లకి పెద్ద తొట్టి కొంటే నీళ్లు పెరుగుతాయా?

పైగా వైఫై 7 గొప్పగా చెప్పుకునే వెడల్పంతా 6 గిగాహెర్ట్జ్ పట్టీలో ఉంది. అమెరికా ఆ పట్టీని 2020లోనే తెరిచింది. మన దగ్గర దాని కింది భాగాన్ని లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి ముసాయిదా నియమాలు వచ్చిందే 2025 మేలో. ఇంకో సంగతి, తరంగం అంకె పెరిగేకొద్దీ గోడ దాటే బలం తగ్గుతుంది. 2.4 దాటినంత తేలికగా 5 దాటదు, 5 దాటినంత తేలికగా 6 దాటదు. మా ఇంటి జబ్బే గోడ. గోడని తక్కువగా దాటేదాన్ని మందుగా అమ్ముతున్నారు. దానికి తోడు మా ఇంట్లో వైఫై 7 ఫోన్ ఒక్కటీ లేదు. కొత్త డబ్బా లాభం పూర్తిగా అందాలంటే ఫోన్లూ మార్చాలి. షాపు తమ్ముడు ఈ మాట చెప్పలేదు. చెప్పడం అతని ఉద్యోగంలో లేదు, అతని మీద కోపం లేదు.

చేసింది ఇంతే. టీవీ వెనక ఉన్న డబ్బాని తీసి గోడ మీద, మనిషి ఎత్తుకి పైన పెట్టాను. రెండో డబ్బా ఇన్నాళ్లూ మొదటిదాని సిగ్నల్‌నే గాలిలో పట్టుకుని మళ్లీ వదిలేది. దానికి నేరుగా కేబుల్ లాగించి వెనక గది లోపల పెట్టించాను. 2.4లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు 1, 6, 11. పక్కింటివాళ్లది 6 మీద ఉంది, మాది 1కి మార్చాను. కేబుల్‌కీ, ఎలక్ట్రీషియన్ కూలికీ కలిపి 1,100 రూపాయలు. మాట ఇప్పుడు తెగడం లేదు.

అయితే ఎప్పుడూ మార్చొద్దా? మార్చాల్సిన సందర్భం ఉంది. కంపెనీ మీ డబ్బాకి భద్రతా అప్‌డేట్లు ఆపేస్తే మార్చాలి. 2017లో డబ్ల్యూపీఏ2 అనే తాళంలోనే లోపం బయటపడింది. అప్‌డేట్ వచ్చిన డబ్బాలు బాగుపడ్డాయి, రానివి అలాగే మిగిలిపోయాయి. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. మనలాంటి వాళ్ల ఫోన్లలో ఏముందో తెలుసుకోవాలనే ఆసక్తి చాలామందికి ఉంది కాబట్టి, యాక్టివిస్టులు వేగం కంటే ఈ తాళం గురించి ఎక్కువ పట్టించుకోవాలి. మీ డబ్బా పేరూ మోడల్ నంబరూ పట్టుకుని కంపెనీ సైట్‌లో చివరి అప్‌డేట్ తేదీ చూడండి. ఏళ్ల తరబడి ఏమీ రాకపోతే అప్పుడు కొనండి. ఒక్క డబ్బా చాలు.

ఇంటి సంగతి అయిపోయింది. ఇక హాస్టల్‌కి పోదాం.

2. టవర్ మెట్టు

జనవరి 3న సావిత్రిబాయి ఫూలే జయంతికి ఒక ఎస్సీ బాలికల పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌కి పిలిచారు. ఊరి పేరు రాయను. రాస్తే ఆఫీసులకి ఏమీ కాదు, నాతో మాట్లాడిన పిల్లల్నే నిలదీస్తారు.

140 మంది అమ్మాయిలు. రెండంతస్తుల బిల్డింగ్. ఒక్క నెట్ కనెక్షన్, అది కూడా 100 ఎంబీపీఎస్. మా ఇంట్లో నలుగురికి ఎంతో, అక్కడ 140 మందికి అంతే. డబ్బా వార్డెన్ గదిలో, బీరువా మీద. స్టడీ హాల్లో ఇంకో డబ్బా గోడకి వేలాడుతోంది, దానికి లైటు వెలగదు. ఎప్పటినుంచి అని అడిగితే, "మేం వచ్చేసరికే అట్లుంది మేడం" అన్నారు ఫైనలియర్ పిల్లలు.

మేడ మీదికి పోయే మెట్లలో మూడో మెట్టు ఉంది. వార్డెన్ గది కిటికీకి అది ఎదురుగా వస్తుంది. సిగ్నల్ అక్కడిదాకా వస్తుంది. పిల్లలు దానికి "టవర్ మెట్టు" అని పేరు పెట్టుకున్నారు. ఇంటర్నల్ అసైన్‌మెంట్ పీడీఎఫ్ ఎక్కించాలన్నా, ఈపాస్ తెరవాలన్నా, పరీక్ష ఫీజు కట్టాలన్నా ఆ మెట్టు మీదికే రావాలి. ఒకసారి ఇద్దరు నిలబడొచ్చు. మిగతావాళ్లు కింద లైన్లో. గడువు రాత్రి 11:59. తొమ్మిదిన్నరకి వార్డెన్ గదిలో స్విచ్ ఆపేస్తారు.

లెక్క చేద్దాం. రాత్రి 140 మందిలో 60 మంది ఒకేసారి నెట్ వాడారనుకోండి. గాలిలో చుక్క కూడా వృథా కాలేదనుకోండి. అది జరగదు, అయినా అనుకోండి. ఒక్కొక్కరికి వచ్చేది 1.67 ఎంబీపీఎస్. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వమే బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని నిర్వచనం మార్చింది. అంటే ప్రభుత్వం తన హాస్టల్లో పెట్టినదాన్ని ప్రభుత్వ నిర్వచనం ప్రకారమే బ్రాడ్‌బ్యాండ్ అనలేం. 140 మందీ వాడితే 0.71.

వైఫై గాలి ఉమ్మడిది. ఒకే ఛానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. దూరంగా, బలహీనమైన సిగ్నల్‌తో ఉన్న ఫోన్ మాట్లాడటానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, దానివల్ల దగ్గరున్నవాళ్లూ ఆగిపోతారు. 60 ఫోన్లు ఒక్క డబ్బా మీద పడితే అది పనిచేయడం మానేయదు, అందరినీ సమానంగా ఏడిపిస్తుంది.

ఇప్పుడు వినండి. ఈ జబ్బుకే మందుగా వైఫై 6 పుట్టింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు వీడియో చూసుకోవడం కోసం దాన్ని తయారు చేయలేదు. జనం కిక్కిరిసిన చోట, అంటే స్టేడియంలో, స్టేషన్‌లో, లెక్చర్ హాల్లో ఒక్కో మనిషికి అందే సగటు వేగాన్ని కనీసం నాలుగు రెట్లు పెంచడం ఆ ప్రమాణం రాసిన ఇంజనీర్లు పెట్టుకున్న లక్ష్యం. అందుకే ఒక్క ఛానల్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒకేసారి చాలామందికి పంచే పద్ధతి అందులో పెట్టారు. పెద్ద బస్సులో ఒక్కడే కూర్చుని పోవడం ఆపి, సీటుకొకరిని ఎక్కించినట్టు.

ఎక్కడ నలుగురు ఉన్నారో అక్కడికి ఆ డబ్బాని ఈఎంఐ మీద తెచ్చి అమ్ముతున్నారు. ఎక్కడ 140 మంది ఉన్నారో అక్కడ దాని పేరు కూడా ఎవరూ ఎత్తరు. గుంపు కోసం చేసిన యంత్రం గుంపు దగ్గరికి రాదు, పర్సు దగ్గరికి పోతుంది. మార్కెట్‌కి అవసరం కనిపించదు, జీతం కనిపిస్తుంది. మరి ప్రభుత్వానికి ఏం కనిపిస్తోంది?

3. కాగితం మీద తెరిచిన చెరువు

ప్రభుత్వానికి రిజిస్టర్ కనిపిస్తుంది. తనిఖీ ఫారంలో "వైఫై సౌకర్యం: ఉంది" అని టిక్కు పడితే సరిపోతుంది. ఎంతమందికి ఉంది, ఏ గదిలో ఉంది, ఎన్ని గంటలు ఉంది అనే గళ్లు ఆ ఫారంలో ఉండవు.

ఇది మనకి కొత్త కాదు. 1923లో బొంబాయి శాసన మండలి ఎస్.కె.బోలే తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజల డబ్బుతో కట్టిన చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చని. 1924లో మహద్ మున్సిపాలిటీ తన చవదార్ చెరువుని తెరుస్తున్నట్టు తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. మనవాళ్ల గొంతు మాత్రం తడవలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు తాగేదాకా ఆ తీర్మానానికి అర్థమే లేదు. తాగిన తర్వాత కొట్టారు, చెరువుని "శుద్ధి" చేశారు, మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది. కేసు బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది.

తీర్మానానికీ దాహానికీ మధ్య ఎంత దూరం ఉందో మనకంటే బాగా తెలిసినవాళ్లు ఈ దేశంలో లేరు. అందుకే "వైఫై ఉంది" అన్న టిక్కు చూసి మనం చప్పట్లు కొట్టకూడదు.

ఆ డబ్బా పాస్‌వర్డ్ వార్డెన్ దగ్గర, అటెండర్ దగ్గర ఉంటుంది. పిల్లలు అడిగితే "రేపు చూద్దాం". మన అమ్మమ్మలు బావి గట్టు కింద కుండ పెట్టుకుని, ఎవరైనా వచ్చి పై నుంచి రెండు చేదలు పోస్తారేమో అని ఎదురుచూసేవాళ్లు. నీళ్లు బావిలో ఉండేవి, చేద వాళ్ల చేతిలో ఉండేది. నేను ఉపమానం కోసం ఈ మాట రాయడం లేదు. ఇద్దరి నిలబడే తీరు ఒకటే. మెట్టు మీద ఫోన్ పైకెత్తి నిలబడిన పిల్లని చూశాను కాబట్టి రాస్తున్నాను.

1941లో జాషువా "గబ్బిలం" రాశారు. గుడి లోపలికి పోయే అర్హత లేని మనిషి తన గోడు కాశీలో ఉన్న శివుడికి చెప్పుకోవాలి. ఎట్లా? గుడిలోకి పోగలిగేది గబ్బిలం ఒక్కటే, దాన్ని బతిమాలుకుంటాడు. ఆ కావ్యాన్ని నేను ఏటా క్లాసులో చెప్తాను. సందేశ కావ్యం, కాళిదాసు మేఘం, జాషువా గబ్బిలం అని పోలికలు చెప్పి, మార్కులు వేసి ఇంటికి పోతాం. సందేశం పంపాలంటే ఎవరిని బతిమాలుకోవాలి అన్న ప్రశ్నని మాత్రం సిలబస్‌లోనే వదిలేస్తాం. ఆ క్లాసు నోట్స్ అప్‌లోడ్ చేయడానికి మా విద్యార్థిని మెట్టు మీద నిలబడి పక్క హాస్టల్ అమ్మాయిని హాట్‌స్పాట్ అడుగుతుంది.

4. "రీల్స్ చూస్తారు" అనేవాళ్లకి

హాస్టల్‌కి మంచి వైఫై కావాలని ఎక్కడ అడిగినా వచ్చే మొదటి జవాబు ఇది. "ఇస్తే చదువుతారా మేడం? రీల్స్ చూస్తారు."

సార్, మీ అబ్బాయి గదిలో వైఫై పెట్టేటప్పుడు ఈ ప్రశ్న అడిగారా? అడగలేదు. మీ ఇంట్లో నెట్ సౌకర్యం, మా పిల్లల దగ్గర అది ప్రలోభం. మీవాడు రెండు గంటలు చదివి ఒక గంట సినిమా చూస్తే "రిలాక్స్ అవుతున్నాడు". మా పిల్ల అర గంట రీల్స్ చూస్తే "ప్రభుత్వ సొమ్ము వృథా". సరదాకి కూడా కులం సర్టిఫికెట్ కావాలా?

ఈ మాటకి కోర్టులో కూడా జవాబు ఉంది. కేరళలో ఒక కాలేజీ మహిళా హాస్టల్లో సాయంత్రం ఫోన్ వాడకూడదని రూలు పెట్టారు. ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపించేశారు. ఆమె హైకోర్టుకి పోయింది. ఫహీమా షిరిన్ కేసు. ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులో, గోప్యతా హక్కులో భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది, ఆమెని తిరిగి చేర్చుకోమంది. మన దగ్గర అది కట్టిపడేసే తీర్పు కాకపోయినా, వినతిపత్రంలో రాసి ముందు పెట్టగలిగిన తీర్పు.

రెండో జవాబు, "ఫోన్‌లో డేటా చౌకే కదా." రోజుకి గిగాబైటున్నర ప్యాక్‌లో ఒక వీడియో పాఠం, ఒక మాక్ టెస్ట్ అయ్యేసరికి సాయంత్రానికి గీత పడిపోతుంది. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ధరలు పెంచాయి. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియదు, రీచార్జ్ తేదీ మాత్రం ఆగదు. మెస్ చార్జీల్లాగా, పుస్తకాల్లాగా నెట్ కూడా హాస్టల్ ఇవ్వాల్సిందే. ఇవ్వనప్పుడు ఆ ఖర్చు కూలికి పోయే అమ్మ మీద పడుతుంది.

మూడో జవాబు, "నెట్ సెంటర్‌కి పోవచ్చు కదా." అబ్బాయిలు పోతారు, చాయ్ హోటల్ ముందు కూర్చుని కూడా పని కానిస్తారు. అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రమే పడుతుంది. గేటు మూసేది మీరే, లోపల సిగ్నల్ లేకుండా చేసేదీ మీరే, పొద్దున "అసైన్‌మెంట్ ఎందుకు పెట్టలేదు" అని అడిగేదీ మీరే.

5. మెరిట్ అనే అబద్ధం నెట్ మీద ఎట్లా నడుస్తుంది

డిగ్రీ అడ్మిషన్ దోస్త్‌లో. స్కాలర్‌షిప్ ఈపాస్‌లో. ఉద్యోగ నోటిఫికేషన్, అప్లికేషన్, హాల్ టికెట్, కీ, అభ్యంతరాలు అన్నీ ఆన్‌లైన్‌లో. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయం వేదిక మీద చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. చాలా మంచిది. కానీ చదువులో 40 శాతం దాకా గాలిలోకి పంపించగలిగినప్పుడు, ఆ గాలి అందరికీ అందుతుందా అని చూడాల్సిన బాధ్యత కూడా ఉంటుంది కదా.

జాతీయ నమూనా సర్వే 75వ విడత, 2017-18. దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు 23.8 శాతం. పట్టణాల్లో 42, పల్లెల్లో 14.9. కంప్యూటర్ ఉన్న ఇళ్లు పల్లెల్లో 4.4 శాతం. ఆ లెక్క తీసిన రెండేళ్లకి కరోనా వచ్చింది, బడులన్నీ తెర మీదికి ఎక్కాయి. 2020 జూన్ 1న, కేరళలో ఆన్‌లైన్ పాఠాలు మొదలైన మొదటి రోజునే, మలప్పురం జిల్లాలో తొమ్మిదో తరగతి దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, స్మార్ట్‌ఫోన్ లేదు, నాన్న రోజు కూలి. అక్షరాస్యతలో దేశానికి పాఠం చెప్పే రాష్ట్రంలో. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. ఫోన్ చేతికొచ్చింది కాబట్టి సమస్య తీరిపోయిందనుకునేవాళ్లు ఒకసారి ఆ మూడో మెట్టు దగ్గర లైన్లో నిలబడండి.

ఒకే పరీక్ష, ఒకే గడువు, ఒకే వెబ్‌సైట్. ఒకరు మంచం మీద పడుకుని మాక్ టెస్టులు రాస్తారు. ఇంకొకరు స్విచ్ ఆగేలోపు ఒక్క ఫైల్ ఎక్కించగలిగితే గొప్ప. ఫలితం వచ్చాక ఇద్దరి మార్కులూ ఒకే పట్టికలో వేసి, పై పేరుకి మెరిట్ అని, కింది పేరుకి రిజర్వేషన్ అని పేరు పెడతారు. సర్వర్ లాగ్ తీసి చూస్తే ఆ మెరిట్‌లో ఎంత భాగం రౌటర్‌దో తెలుస్తుంది.

6. మనలో మనం

ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలకీ అక్కలకీ ఒక మాట. "మా తాతలు పడ్డ కష్టం చాలు, మా పిల్లలకి మంచి వైఫై పెట్టుకుంటే తప్పా?" అని అడుగుతారు. తప్పేం లేదు. నిజంగా అవసరమైతే పెట్టుకోండి. మన ఇంట్లో మంచి వస్తువు కనపడితే పక్కవాళ్ల ముఖం ఎందుకు మారుతుందో నాకు తెలుసు. మనవాళ్లు సుఖపడితే తప్పుపట్టే వ్యాసం నేను రాయను.

నేను అడిగేది వేరు. అవసరం లేని 32 వేల డబ్బా కోసం మూడు రోజులు వీడియోలు చూసి, స్పెసిఫికేషన్లు పోల్చి, షాపు వాళ్లతో బేరం చేసే తెలివి మనకి ఉంది. ఆ తెలివిలో ఒక్క పూట, మనం చదువుకున్న హాస్టల్ కోసం ఖర్చు చేయగలమా? డబ్బులు అడగడం లేదు. చందాలు వేసి ఒక రౌటర్ కొనిచ్చి, ఫొటో దిగి రావడం నాకు ఇష్టం లేదు. అది దానం అవుతుంది. ఆ డబ్బా పాడయ్యాక మళ్లీ దాత కోసం ఎదురుచూడాలి.

డబ్బు చట్టంలోనే ఉంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. మన జనాభాకి తగ్గ వాటాని మన కోసమే ఖర్చు చేయాలని ఆ చట్టాలు చెప్తాయి. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తరంగం ప్రజలది, నిధి మనది, బిల్డింగ్ ప్రభుత్వానిది. మధ్యలో లేనిది నాలుగు డబ్బాలు, కొంత కేబుల్, అడిగే నోరు.

7. ఏం చేద్దాం

విద్యార్థి మిత్రులారా, ఇది మీ పని. నినాదం తర్వాత, ముందు కొలత.

మీ హాస్టల్లో ఐదు చోట్లు గుర్తు పెట్టుకోండి. స్టడీ హాల్, కింది అంతస్తులో చివరి గది, పై అంతస్తులో చివరి గది, మెస్, వార్డెన్ గది గుమ్మం. మూడు రోజులు రాత్రి 9 గంటలకి ఒక్కో చోట ఒక్కసారి స్పీడ్ టెస్ట్ చేసి రాసుకోండి. ఆ టైంలో ఎంతమంది నెట్ వాడుతున్నారో కూడా రాయండి. స్విచ్ ఏ గంటకి ఆపుతారో రాయండి. పనిచేయని డబ్బా ఉంటే ఫొటో తీయండి. మనుషుల ఫొటోలు వద్దు.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా ఆఫీసుకి 10 రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నట్టు కాగితం ఉంటే అదీ లేదు. జవాబుకి గడువు 30 రోజులు. ప్రశ్నలు ఇవి: హాస్టల్లో ఎన్ని యాక్సెస్ పాయింట్లు ఉన్నాయి? ఎప్పుడు కొన్నారు? ఎన్ని పనిచేస్తున్నాయి? కనెక్షన్ వేగం ఎంత, నెలకి బిల్లు ఎంత కడుతున్నారు? రోజుకి ఎన్ని గంటలు ఇవ్వాలని ఆదేశం ఉంది? అద్దం ముందు పెట్టినట్టు, మీ కొలత ఒక పక్క, వాళ్ల జవాబు ఇంకో పక్క పెట్టండి. హాస్టల్లో ఉన్న పిల్లల పేరు మీద దరఖాస్తు వేయొద్దు. పాస్ అయి బయటికొచ్చినవాళ్లు వేయండి, సంఘాల వాళ్లు వేయండి.

ఇక డిమాండ్. దీన్ని గట్టిగా, స్పష్టంగా రాయాలి. "మంచి వైఫై కావాలి" అని రాస్తే ఇంకో డబ్బా తెచ్చి ఇంకో బీరువా మీద పెడతారు. మన పిల్లల చేతుల్లో పాత ఫోన్లు ఎక్కువ, కాబట్టి అన్నిటికంటే కొత్త తరం డబ్బా ఒక్కటి కంటే, మామూలు వైఫై 6 డబ్బాలు సరిపడా ఉండటం ముఖ్యం. నా లెక్క ప్రకారం 25, 30 మందికి ఒకటి, అంటే 140 మందికి ఐదు. కారిడార్ పైకప్పుకి బిగించాలి. ప్రతిదానికీ విడిగా కేబుల్ ఉండాలి, ఒకదాని సిగ్నల్ ఇంకొకటి అరువు తెచ్చుకోకూడదు. కరెంటు పోతే నిలబడే బ్యాకప్ ఉండాలి. బయటి కనెక్షన్ 100 నుంచి తలల సంఖ్యకి తగ్గట్టు పెరగాలి. ఒక్కొక్కరికి విడిగా లాగిన్ ఉండాలి, అది ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. పిల్లలు ఏం చూశారో తవ్వే హక్కు ఎవరికీ ఉండకూడదు. రాత్రి 12 దాకా ఆపకూడదు, ఎందుకంటే గడువు 11:59.

ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు. ఐదు మధ్యతరగతి ఇళ్లు అవసరం లేకుండా వైఫై 7కి మారడానికి పెట్టే డబ్బు చూడండి, 1,60,000. హాస్టల్‌కి కావాల్సిన డబ్బాలు, కేబుల్, స్విచ్ పెట్టెలు అందులోనే వచ్చి ఇంకా మిగులుతాయని నెట్‌వర్కింగ్ పని చేసే మన తమ్ముడొకడు అంచనా వేసి ఇచ్చాడు. ఇంత చిన్న లెక్క ఆఫీసుల్లో ఎవరికీ రాదని నేను నమ్మను. వాళ్లకి లెక్క వచ్చు. లోపల ఉన్నది ఎవరి పిల్లలో కూడా తెలుసు.

కాబట్టి మళ్లీ ఎవరైనా "మీరు అప్‌గ్రేడ్ అవ్వలేదా మేడం" అని అడిగితే నా జవాబు సిద్ధంగా ఉంది. మా ఇంట్లో 2019 డబ్బాలే ఉంటాయి, అప్‌డేట్లు వచ్చినన్నాళ్లు. అప్‌గ్రేడ్ కావాల్సిన బిల్డింగ్ అడ్రస్ కావాలంటే ఇస్తాను, రండి, కలిసి వెళ్దాం.

ఫిబ్రవరి నెలాఖరుకి కనీసం పది హాస్టళ్ల కొలతలు చేతికి రావాలి. మీ హాస్టల్ కాగితం నాకు పంపండి, పేరు లేకుండా పంపినా పర్లేదు. వచ్చిన అంకెలతో వినతిపత్రం నేను రాస్తాను. పట్టుకుని పోయేటప్పుడు మాత్రం అందరం పోవాలి. పన్నెండో భాగంలో ఆ అంకెలే ఉంటాయి.

జై భీమ్. జై సావిత్రిబాయి.